ఏడో గడి

12 జనవరి 1958, ఆదివారం

ఫారాలు వచ్చాయి. నూట ఇరవై. హైదరాబాదు బస్సువాళ్లు కాలేజీ గేటు దగ్గర దింపిపోయారు. కట్ట మీద దశరథం గారి ఉత్తరం. ఎం.ఏ.లో నాకంటే ఒక ఏడాది ముందు చదివిన మనిషి, ఇప్పుడు పన్నుల కమిటీకి కార్యదర్శి. దేశమంతటికీ ఒకే అమ్మకం పన్ను పెట్టాలని ఢిల్లీలో ఆలోచన ఉందట. అలా పెడితే మామూలు ఇంట్లో దవాఖానా ఖర్చు మీద ఎంత బరువు పడుతుందో ఇల్లిల్లూ తిరిగి తేల్చాలి. మందులకు పన్ను తప్పించాలా వద్దా అన్నది దాన్నిబట్టి ఉంటుంది.

"నల్గొండలో అర్థశాస్త్రం చెప్పేవాళ్లలో మీకంటే నమ్మకమైన చెయ్యి నాకు లేదు" అని రాశారు. ఆ వాక్యం మూడుసార్లు చదివాను. నలభై నాలుగేళ్ల మనిషికి ఇంత సంబరం దేనికో.

ఫారంలో పదకొండు గడులు. తిండి, బట్ట, కిరాయి, అలా వరసగా. ఐదోది దేవుని ఖర్చు. ఏడోది జబ్బులు, మందులు. మనకు కావలసింది ఏడోదే.

చెయ్యి తిరగడానికి మొదటి ఫారం మా ఇంటికే నింపాను. యాదలక్ష్మక్క మంచం మీద నుంచే తల ఎత్తి చూసింది.

"ఏడోదాంట్ల ఏం రాసినవే?"

చూపించాను.

"గట్లనే ఉంచు" అని అటు తిరిగి పడుకుంది.

సాయంత్రం జానయ్య కాంపౌండరు పెరటి తలుపు నుంచి వచ్చి, అక్కను చూసి వెళ్లాడు. పర్వాలేదు.

19 జనవరి

పానగల్‌లో మొదలుపెట్టాం. అక్కడి బడిపంతులు ఇస్రాయేలు నాతో తిరగడానికి ఒప్పుకున్నాడు. ఊళ్లో అందరూ ఎరిగిన మనిషి. ఎండ లేకపోయినా గొడుగు వేసుకుని నడుస్తాడు. ఈ రోజు పద్నాలుగు ఇళ్లు.

జనం బాగానే జవాబు చెప్తున్నారు. రాళ్లు కొట్టే సాయిలు భార్య బీరమ్మ మాత్రం నన్ను నవ్వించింది. గడప దాటి రానే లేదు. ద్వారబంధానికి చెయ్యి ఆనించి నిలబడి, నేను బియ్యం, నూనె, ఉప్పు అడుగుతూ ఉంటే, "ఏం టీచరమ్మా, కుండల ఎన్ని మెతుకులున్నయో గూడ రాసుకపోతరా? జర ఉండుండ్రి, గంటె వెట్టి లెక్కవెడ్త" అంది. వెనక జొన్నల్లో రాళ్లు ఏరుతున్న పిల్ల పకపకా నవ్వింది. పదేళ్లుంటాయి. పేరు మారెమ్మ. నా కళ్లద్దాల కాడకు కట్టిన దారం మీద నుంచి దాని చూపు మళ్లలేదు.

ఏడో ప్రశ్న అడగ్గానే బీరమ్మ పక్కకు తిరిగి తూ తూ అని ఉమ్మి, "ఏం లేదమ్మా, సల్లగున్నం" అంది. దేవుని ఖర్చు నెలకు మూడు రూపాయలట. కూలి చేసే ఇంట్లో మూడు రూపాయలు! ఇంత భక్తి మా ఇళ్లల్లో కూడా చూడలేదు. లోపల గూట్లో పసుపు డబ్బా పక్కన చిన్న గాజు సీసా కనిపించింది. కుంకుమ కాబోలు.

తిరిగి వచ్చేటప్పుడు ఇస్రాయేలు ప్రశ్నల గురించి ఏదో అన్నాడు. ఫారంలో ఉన్నది ఉన్నట్టే అడగాలని చెప్పాను. ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా అడిగితే దాన్ని లెక్క అనరు.

26 జనవరి

జెండా వందనం తరువాత కేతేపల్లి. ఇరవై రెండు ఇళ్లు. కాళ్లు పట్టేశాయి. అక్కకు నిన్నటిలాగే.

9 ఫిబ్రవరి

అయిపోయింది. నూట ఇరవై ఇళ్లలో తొంభై ఒక్క ఇళ్లకు ఏడో గడిలో సున్నా. దేవుని ఖర్చు మాత్రం నేను అనుకున్నదానికి రెట్టింపు. రిపోర్టులో ఇలా రాశాను: "ఈ ప్రాంతపు పేద కుటుంబాలకు వైద్యవ్యయం దాదాపు లేదనే చెప్పవలసి ఉన్నది. ఉన్న కొద్ది ధనం మొక్కులకు పోతున్నది. మందులపై స్వల్పమైన పన్ను వారిని తాకజాలదు."

వాక్యం బాగా కుదిరింది. అక్కకు చదివి వినిపించాను. నన్ను చదివించడానికి తన చేతి కడియాలు అమ్మిన మనిషి. ఏది రాసినా ముందు తనకే చదువుతాను.

"మంచిగ రాసినవ్" అంది. మళ్లీ తనే, "గా తొంభై ఒకటిల మనం గూడ ఉన్నమా?"

"ఉన్నాం."

నవ్వింది. నవ్వితే వెంటనే...

నీళ్లు ఇచ్చాను. గోడవతలి నుంచి ఇంటి ఓనరు భద్రమ్మ గారు "అంత మంచిదేనా?" అని కేకేశారు. మంచిదేనన్నాను.

2 మార్చి

దశరథం గారి ఉత్తరం. కమిటీలో నా రిపోర్టు చదివారట. మందుల పేరు మినహాయింపు జాబితా నుంచి తీసేశారు. దేశమంతటా పెట్టే ముందు కొన్నిచోట్ల నడిపి చూస్తారు. మన దగ్గర ఏప్రిల్ ఒకటి నుంచి. రూపాయికి రెండు నయాపైసలు.

రెండు నయాపైసలు ఎవరికి తెలుస్తాయి? ఇక్కడివాళ్లు ఇంకా అణాల్లోనే బేరమాడుతున్నారు.

ఎందుకో రెండుసార్లు రాశాను ఈ మాట. పైన ఒకటి కొట్టేశాను.

3 ఏప్రిల్

బజారులో రాములు మందుల దుకాణానికి వెళ్లాను, ఇంటికి కావలసినవి తేవడానికి. గల్లా పెట్టె మీద కొత్త బిల్లు పుస్తకం. వేళ్లకు కార్బన్ మరకలు. మెట్ల మీద నలుగురైదుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. రాములు ఎవరితోనో గొంతు పెంచి మాట్లాడుతున్నాడు.

"ఇడిగ ఇయ్య. ఎన్నిసార్లు జెప్పాలె?"

"పది గోలీలన్న ఇయ్యి సేటూ. పోయిన నెల ఇచ్చినవ్ గద."

"పోయిన నెల పోయింది. సీసకు సీస కొంటె కొను, ఆరు రూపాయలు. లేకుంటె జరుగు, ఎనకున్నోళ్లను రానియ్యి."

నన్ను చూసి చేతులు జోడించాడు. "చూడుండ్రి టీచరమ్మా, రెండు పైసలు కట్టుడు నాకు కష్టం గాదు. పది గోలీలకో బిల్లు, ఐదు గోలీలకో బిల్లు రాసుకుంట కూసుంటె దుకాణం నడుస్తదా? సీస మూత తీస్తె మిగిలినయి ఏడ వోయినయని ఇన్‌స్పెక్టరు అడుగుతడు. మూత తియ్యకుంట అమ్ముడే మేలు."

పన్ను ఎంత అని మాత్రమే అందరం లెక్క వేశాం. బిల్లు గురించి ఒక్కరికీ తట్టలేదు. నేను కావలసినవి డబ్బాకు డబ్బా కొన్నాను. బిల్లు రాసిచ్చాడు.

మెట్లు దిగుతుంటే అప్పుడు గుర్తుపట్టాను, పది గోలీలు అడిగిన ఆమె బీరమ్మ అని. కొంగు ముడి మళ్లీ బిగించుకుంటోంది. నన్ను చూసింది, చూడనట్టు మలుపు తిరిగింది. పిలవలేదు. ఎండ బాగా ఉంది.

4 ఏప్రిల్

ఎండ కాదు. నా చేతిలో అక్క మందుల పొట్లం ఉంది. పిలిస్తే ఎవరికని అడుగుతుంది.

11 ఏప్రిల్

పరీక్ష పేపర్లు. ఇంకేమీ లేదు.

20 ఏప్రిల్, ఆదివారం

ఇస్రాయేలు పొద్దున్నే వచ్చాడు. గొడుగు లేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"బీరమ్మ బిడ్డ రొట్టెల పెంక మీద పడ్డదమ్మా. మొన్న శుక్రారం. కుడిచెయ్యి కాలింది, మణికట్టు దాక."

"ఎలా పడింది?"

అతను గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "మూర్ఛ. అయిదేండ్ల సంది ఉన్నది దానికి. దినాం ఒక తెల్లగోలి ఏస్తది వాళ్లమ్మ. గోలి వడ్డప్పటి సంది, అంటే మూడేండ్లాయె, ఒక్కనాడు గూడ పడలే. గీ నెల రాములు సేటు ఇడిగ ఇయ్యనన్నడు. ఇంట్ల మిగిలినయి సగం సగం చేసి ఏసింది. ఎనక రెండు దినాలకొకటి. అవి గూడ అయిపోయినయి. అది రొట్టె చేసుకుంట కూసున్నది. తల్లి నీళ్లకు పోయి అచ్చేసరికి..."

ఆ సీసా. పసుపు డబ్బా పక్కన.

"మీకు ముందే తెలుసా?"

"ఊరంత తెలుసు. ఎవ్వరు నోటితోని అనరు."

"మరి నాకు చెప్పలేదేం, పంతులూ?" నా గొంతులో కోపం ఉంది. అది నాకే వినిపించింది.

అతను నా వైపు చూశాడు. "చెప్పిన గదమ్మా. మొదటి దినమే చెప్పిన."

22 ఏప్రిల్

జనవరి పందొమ్మిది నాటి పేజీ తీసి చూశాను. "ఏదో అన్నాడు" అని రాసుకున్నాను. ఏమన్నాడో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. అప్పుడూ గుర్తుంది.

"అమ్మా, రోగమున్నదా అని గడపల నిలబడి అడిగితె ఎవ్వరు చెప్పరు. పేరెత్తితె మళ్ల వస్తదని భయం. మందుల పైసలు దేవుని ఖర్చుల జెప్తరు. ఏడోదాన్ని అయిదోదాంట్ల అడుగుండ్రి. దేవునికి ఏం వెట్టిన్రు, ఎందుకు వెట్టిన్రు అంటె వాళ్లే జెప్తరు."

ఇది అతను చెప్పాలా నాకు? క్వినైన్ బిళ్లలు పసుపు డబ్బాలో దాచిన తల్లి కడుపున పుట్టాను. నాయినకు జ్వరమని వాకిట్లో పోస్టుమనిషితో అన్నందుకు ఆరేళ్లప్పుడు అమ్మ చెంప మీద కొట్టింది. ఆ దెబ్బ ఇంకా గుర్తుంది. పానగల్‌లో బీరమ్మ తూ తూ అన్నప్పుడు ఎందుకందో ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసీ సున్నా చుట్టాను. యజమాని చెప్పినదే రాయవలెను అని ఫారం కింద అచ్చు వేసి ఉంది కదా. ఆ అచ్చు వెనక నిలబడ్డాను.

అది కూడా పూర్తి నిజం కాదేమో. తొంభై ఒక్క సున్నాల మధ్య ఉంటే ఇంకో సున్నా ఎవరికీ కనబడదు. నాకు కావలసింది అదేనా? తెలియదు. కాదనుకుంటాను.

27 ఏప్రిల్, ఆదివారం

పానగల్ వెళ్లాను, ఒక్కదాన్నే. సంచిలో మారెమ్మ వేసుకునే గోలీల సీసా ఒకటి, రాములును అడిగి కొన్నది, మూత తియ్యనిది.

బీరమ్మ అదే గడపలో నిలబడింది. లోపల పిల్ల కుడిచేతికి పాత చీరగుడ్డ చుట్టుకుని గోడకు ఒరిగి ఉంది. నన్ను చూసి ఎడమచేత్తో తన కళ్ల దగ్గర దారం ఉన్నట్టు చూపించి నవ్వింది. నా అద్దాల దారం మారింది, అది కనిపెట్టింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"ఏం లేదమ్మా. సల్లగున్నం."

"బీరమ్మా, నాకు తెలిసింది. తప్పు నాది. నేను రాసిన కాగితం వల్లనే..."

"మీరేం జేసిన్రు?" గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నేను లేదన్న, మీరు లేదని రాసుకున్నరు. పొల్లకు రేపు మాపు ఈడొస్తది. ఎవలన్న అడిగొచ్చిననాడు, సర్కారు కాగితం మీద గూడ ఎక్కిందట అంటె ఏం జెయ్యాలె నేను? సాయిలు నన్ను బతకనిస్తడా?"

"నీ పేరు రాయను. ఊరికే నాకు చెప్పు. నెలకు ఎన్ని గోలీలు..."

ఆమె నన్ను నిదానంగా చూసింది. "మీ ఇంట్ల ఎవలికేం లేదా టీచరమ్మా? గానాడు దుకాణంల కనవడితిరి."

గడప. అటు ఆమె, ఇటు నేను.

"లేదు" అన్నాను. "అందరం బాగానే ఉన్నాం."

బీరమ్మ తల ఊపింది. "గట్లనే ఉండాలె" అంది, నిజంగానే నా మంచి కోరినట్టు. సీసాను చేత్తో కాకుండా కొంగుతో అందుకుని, పసుపు డబ్బా పక్కన పెట్టింది.

28 ఏప్రిల్

అక్కకు అంతా చెప్పాను. చివరి జవాబుతో సహా.

"మరేమంటవు?" అంది కసురుకుంటూ. "భద్రమ్మకు తెలిస్తె ఒక్క దినం ఉండనిస్తదా? నన్ను ఏడ పండవెడ్తవ్, కాలేజీలనా, నీ పిల్లల బెంచీ మీదనా?"

"అది కాదక్కా."

"ఏది కాదు?"

సాయంత్రం జానయ్య వచ్చి వెళ్లాడు. పెరటి తలుపు నుంచే.

29 ఏప్రిల్

పొద్దున చాయ్ తాగుతూ అక్క అడిగింది, "ఏ చెయ్యన్నవ్?"

"కుడిది."

"రొట్టె చేసే చెయ్యి" అంది.

4 మే

దశరథం గారికి నాలుగు పేజీలు రాశాను. నా రిపోర్టు తప్పని, ఏడో గడిలోని సున్నాలు ఖర్చు లేకపోవడం కాదు, చెప్పలేకపోవడమని. మందుల పైసలు ఐదో గడిలో ఉన్నాయని. రెండు పైసలు ఎవరినీ ముంచలేదు, బిల్లు పుస్తకం ముంచిందని. పేదవాళ్లు మందు సీసాల లెక్కన కొనరు, పది గోలీలు, ఐదు గోలీలు కొంటారని. ఊరి పేరు, మనిషి పేరు రాయలేదు.

నాలుగు పేజీల్లో ఒక్క వాక్యం కూడా బాగా కుదరలేదు.

17 మే

జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. రిపోర్టు అచ్చయింది. అయినా ఢిల్లీ కాగితాలు జూన్ ఆఖరు దాకా కదలవు, అందాకా మార్చడానికి వీలుందట. "మీ మీద గౌరవం కొద్దీ చెప్తున్నాను. తొంభై ఒక్క ఇళ్లు తమకు మందుల ఖర్చు లేదన్నాయి. ఇప్పుడు మీరు ఉందంటున్నారు. కమిటీ నన్ను అడుగుతుంది, ఎవరు చెప్పారు అని. ఆ తొంభై ఒకటిలో ఒక్క ఇల్లు, పేరుతో, సంతకంతో, లేదన్నది అబద్ధమని చెబితే ఆ కాగితం నేనే చేత్తో పట్టుకుపోయి పెడతాను. ఒక్క ఇల్లు చాలు."

ఒక్క ఇల్లు. ఇస్రాయేలును అడిగాను. "ఎవలు ఇస్తరమ్మా సంతకం?" అన్నాడు. ఆ తరువాత నన్ను కాక నేల చూశాడు. ఇతనికి కూడా తెలుసా?

ఊరంతా తెలుసు, ఎవరూ అనరు.

18 మే, ఆదివారం

ఉత్తరం అక్కకు చదివాను. ఏది వచ్చినా తనకు చదువుతాను కదా. ఒక్క ఇల్లు చాలు అన్న దగ్గర ఆగాను.

అక్క లేచి కూర్చుంది. చాలా రోజుల తరువాత గోడకు ఆనుకోకుండా కూర్చుంది.

"మన కాగితం ఏడున్నది?"

"అక్కా, భద్రమ్మ గారు..."

"కాగితం సంగతి ఎనక. ముందుగాల ఆమెకే జెప్పు. పక్కింట్ల ఉండుకుంట కాగితం జూసి తెలుసుకుంటె ఆమెకు బాధైతది." దమ్ము తీసుకుంది. "నేను నాలుగు దినాలు ఎక్కువ బతికినందుకు ఆ పొల్ల చెయ్యి వోయిందా ఏంది, కాదు. నాకు తెలుసు. గని నా రోగం దాసెటందుకు నీ చదువంత పెట్టినవ్. గందుకా నా కడియాలు అమ్మింది?"

తిట్టిందో, ఓదార్చిందో తెలియలేదు. ఇంతవరకు తెలియలేదు.

19 మే

పొద్దున భద్రమ్మ గారు రోజూలాగే గోడ మీదుగా "అంత మంచిదేనా?" అన్నారు.

వాకిట్లో నిలబడి ఉన్నాను. నాలుక మీదకు మంచిదే అన్న మాట దానంతటదే వచ్చింది. మింగాను. చెప్పాను. వీధిలో ఎవరో పోతూ ఆగారు కూడా.

భద్రమ్మ గారు గోడ మీద నుంచి చెయ్యి తీసేశారు. "రెండేండ్ల సంది నా బాయి నీళ్లే తాగుతున్నరు గదమ్మా" అన్నారు. ఏడ్చారు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఆమెను తప్పు పట్టలేను. ఇంట్లో ముగ్గురు మనవలు.

సాయంత్రం జానయ్య అలవాటుగా పెరట్లోకి వెళ్తుంటే అక్క పిలిచింది. "ఇటు రా, ముందటి తలుపు నుంచే రా. ఇగ దొంగలెక్క ఎందుకు?"

20 మే

మా ఫారం తీశాను. మొదటి నంబరుది. ఏడో గడిలో నా సున్నా ఎంత గుండ్రంగా ఉందో. సిరాతో రాసింది, చెరగలేదు. బ్లేడుతో గీకితే కాగితం చిరిగి చిన్న చిల్లు పడింది. చిల్లు పక్కన రాశాను.

యాదలక్ష్మి, 51 ఏళ్లు. క్షయ. రెండేళ్ల నుంచి. రోజు విడిచి రోజు సూది. బిళ్లలు. ఇంతవరకు లేదని చెప్పినది నేనే.

ఈ నోటుబుక్కు మొదటి నుంచి తిరగేశాను. నా ఒక్కదాని కోసం రాసుకునే పుస్తకం, పెట్టెలో తాళం వేసి ఉంటుంది. ఇందులో కూడా ఆ జబ్బు పేరు ఎక్కడా లేదు. పర్వాలేదు, నిన్నటిలాగే, నీళ్లు ఇచ్చాను.

అక్క సంతకం చేసింది. సిరా ఆరేదాకా కాగితం తన చేతిలోనే పట్టుకుంది.

1 జూన్

ఇస్రాయేలు పానగల్ దగ్గర రెండు గదుల ఇల్లు చూశాడు. ఓనరుకు ముందే చెప్పాడట. కిరాయి ఎక్కువ. రేపు సామాను పోతుంది. ఫారం పంపి పది రోజులైంది, దశరథం గారి నుంచి ఇంకా ఏమీ రాలేదు. వస్తుందనీ లేదు.

మారెమ్మ వేళ్లు మూడు తెరుచుకోవడం లేదట. ఎడమచేత్తో రొట్టె కొడుతోందని ఇస్రాయేలు చెప్పాడు. పిండి అంచులు విరిగిపోతున్నాయట. రొట్టె అయ్యేదాకా వాళ్లమ్మ పొయ్యికీ దానికీ మధ్య కూర్చుంటుంది.